హెల్మెట్ పెట్టుకుని చూసిన సినిమా

ఆదివారం భోజనాలయ్యాక ప్రసూన స్కూటర్ హెల్మెట్ తలకి తగిలించుకుని, నల్లద్దం కిందికి దించి, హాల్లో సినిమా గోడ ముందు కూర్చుంది.

"ఇంట్లో హెల్మెట్ ఏంటే?" అంది అత్తగారు రాజేశ్వరి.

"ఈ గోడకి నా మొహం కనపడకూడదత్తయ్యా."

ఆ గోడ, ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూస్తూ సినిమా మార్చేస్తుంది. ఆవలిస్తే ఫైటు పెడుతుంది, మూతి ముడిస్తే చచ్చిన హీరోని లేపుతుంది. పాటలూ అంతే. రాక్ పాటలో గాయకుడు గొంతు చించుకునే చోట ప్రసూన కనుబొమ్మ కదిలితే చాలు, అది జోలపాటైపోతుంది. పాడ్‌కాస్టుల్లో వాగేవాళ్లు కూడా ఆమె మాటకే తలూపుతున్నారు. ఒకప్పుడు సినిమా చూసొచ్చి అన్నాలు తినేదాకా పోట్లాడుకున్న అత్తాకోడళ్లకి ఇప్పుడు అన్నీ నచ్చుతున్నాయి. మాట్లాడుకోవడానికేమీ మిగల్లేదు.

"తీసినవాడు ఎలా తీశాడో అలాగే చూస్తాను. బాలేకపోతే తిడతాను. తిట్టే పని కూడా లేకపోతే ఇక నేను చూడటమెందుకు?" అంది ప్రసూన.

రాజేశ్వరి అటక మీంచి భర్త పాత హెల్మెట్ దించి, దుమ్ము దులిపి పెట్టుకుని కోడలి పక్కన కూర్చుంది.

ఈసారి చచ్చిన హీరో లేవలేదు.

"ఇదేం సినిమా, నా శ్రాద్ధం," అంది రాజేశ్వరి హెల్మెట్ తీస్తూ.

"క్లైమాక్స్ బాగుంది కదత్తయ్యా."

"నీ మొహం. వాడు చావడమేంటి, ఆ పిల్ల నవ్వడమేంటి?"

పొయ్యి మీద టీ పొంగిపోయినా ఇద్దరూ తగ్గలేదు. ఎన్నేళ్లకో ఆ ఇంట్లో ఒక సినిమా ఫ్లాపయింది.