పందొమ్మిది నిమిషాలు

మాజీ సైనికుల వైకల్యం అప్పీళ్ళు వినడానికి మనుషులు కూర్చోవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఇంటి గోడకే ఒక కన్ను బిగిస్తారు. చూసేది, అడిగేది అదే. తీర్పు కూడా అదే చెబుతుంది.

మంచు కొండల్లో వెన్ను విరిగిన మా నాన్న, హవల్దార్ గవరయ్య, రెండు నిమిషాలు నిలబడితే విలవిల్లాడిపోతాడు. గెలిస్తే ఆయన్ని లేపి కూర్చోబెట్టే యంత్రం ఇస్తారు. ఆరేళ్ళుగా ఆ పని నా భుజమే చేస్తోంది. ఇదే ఆఖరి అప్పీలు.

"అది ఏటడిగినా కూకునే చెప్పు నాన్నా" అని నెల రోజులుగా నూరిపోశాను. విచారణ జరుగుతుండగా నేను ఆయన్ని ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. అందుకే ఎదురుగా కూర్చుని మునగాకు దూస్తున్నాను.

కన్ను వెలిగింది. "హవల్దార్ గవరయ్య."

అచ్చం పెద్ద ఆఫీసరు గొంతు. నాన్న కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. "హాజర్ సాబ్."

"నొప్పి ఉందా?"

"లేదు సాబ్."

ప్రశ్నలు సాగుతూనే ఉన్నాయి. కూర్చోమని కళ్ళతోనే బతిమాలాను. ఆయన చూపు గోడ మీదనుంచి కదల్లేదు. గడ్డం మీదుగా చెమట కారుతోంది. నా గుప్పిట్లో మునగాకు ముద్దయిపోయింది.

"దరఖాస్తుదారు ఆసరా లేకుండా పందొమ్మిది నిమిషాలు నిలబడ్డారు. వైకల్యం లేదు. అప్పీలు కొట్టివేయడమైనది."

నాన్న గోడకు సెల్యూట్ చేశాడు. కన్ను ఆరిపోయింది.

"అయిపోనాది నాన్నా. ఇంక కూకో."

ఆయన కదల్లేదు. పళ్ళ బిగువున అడిగాడు. "సాబ్ ఎల్లిపోనారా?"

"ఎల్లిపోనారు నాన్నా."

అప్పుడు మూలిగాడు. నేను భుజం పెట్టాను.