జీలుగు కల్లుకు స్ప్రింగుల సైకిల్

శబరి పొంగి ఘాట్ రోడ్డును మింగేసిన వరద తర్వాత రెండో ఏడు అది. అప్పటికి మా కొండల్లో అందరూ ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిళ్ల మీదే తిరుగుతున్నారు. మేనకోడలి పెళ్ళికి జీలుగు చెట్టు కల్లు నేనే పట్టుకెళ్ళాలి. మేనమామ కల్లు రాందే మావాళ్ళు పెళ్ళి మొదలుపెట్టరు.

"రాళ్ళకీ, ఎక్కుడుకీ, దిగుడుకీ పనికొచ్చేది కావాలి. కల్లు సొరబుర్రలు ఒలక్కూడదు," అన్నాను సైకిళ్ళ కొట్టులో.

"నువ్వు ఎంచేదేంటి తాతా, సైకిలే నిన్ను ఎంచుకుంటాది," అంది కొట్టామె రాజ్యం.

ఒక సైకిల్ నన్ను ఎగాదిగా చూసి తనే ముందుకొచ్చింది. సొరబుర్రల్లో నీళ్ళు నింపి తొక్కి చూశాను. చుక్క ఒలకలేదు. ఇంటికి తెచ్చుకున్నాను.

పెళ్ళి ముందురోజు సాయంత్రం కల్లు బుర్రలు తగిలించి ఎక్కగానే చక్రాలు బిగుసుకున్నాయి.

"మీరు తాగి ఉన్నారు. దిగండి," అంది సైకిల్.

"నేను ముట్టలేదు. ఆ వాసన బుర్రలది."

సైకిల్లోంచే రాజ్యం గొంతు వినిపించింది. "తాగినోళ్ళందరూ అదే అంటారు తాతా. పెళ్ళికి సోడా పట్టుకెళ్ళు."



మర్నాడు పొద్దున్నే చెట్టెక్కి తాజా కల్లు దించి, కావడికి ఒకవైపు బుర్రలు, రెండోవైపు సైకిల్ కట్టి కొండ దిగాను. రాజ్యం గుమ్మంలో సైకిల్ పడేసి, తూకానికి దాని బరువంత రాయి కట్టుకుని పెళ్ళికి నడిచాను.