టవర్ టికెట్టు

"ఆ టికెట్టు ఇటివ్వు," అన్నాడు నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని, ఎవరిస్తో అనే ముసలాయన, నా గిన్నెలో తోర్తెల్లీని అనే పాస్తా సూపు పోస్తూ.

"ఇవ్వను. రేపు పోలండ్ వెళ్ళిపోతున్నా. బొలోన్యాలో ఏడాది చదివి, ఊరి నడుమ ఉన్న ఆ పాత టవర్ ఎక్కలేదంటే మా ఊళ్ళో నవ్వుతారు."

"డిగ్రీ చేతికి రాకముందు ఎక్కితే ఇక రానే రాదు, హలీనా. ఈ ఊళ్ళో చంటిపిల్లనడిగినా చెప్తుంది."

ఏడాదిగా ఇదే వరస. తోర్తెల్లీనిలో మీగడ వేస్తే తప్పు. భోంచేశాక పాలకాఫీ తాగితే తప్పు. ఆయన్ని అడక్కుండా చేసింది ఊపిరి పీల్చడం ఒక్కటే.

"చదువుకున్నవాళ్ళు నమ్మే మాటేనా ఇది? మీరు మాత్రం ఎన్నిసార్లు ఎక్కుంటారో."

"ఒక్కసారీ ఎక్కలేదు."

"డెబ్బై ఏళ్ళుగా ఇక్కడే ఉండి?"

ఆయన గరిటె కింద పెట్టాడు. "లా చదువుతున్నాగా. ఇంకా రెండు పరీక్షలున్నాయి."

రోజూ మధ్యాహ్నం తన గది తలుపేసుకుని నిద్రపోతాడనుకున్నాను. ఇవాళ ఆ తలుపు తెరిచి ఉంది. మంచం మీద లావుపాటి పుస్తకం, దాని మధ్యలో పెన్సిలు కనిపించాయి.

టికెట్టు మడిచి ఆయన ముందుకు జరిపాను.

"ఐదొందల మెట్లు. ఈ వయసులో ఎక్కగలరా?"

"మోకాళ్ళ సంగతి తర్వాత," అన్నాడు. "ముందు పాసవ్వనీ."