పొదలోంచి వచ్చిన పరామర్శ

కోళ్లగూటి గోడ మీద ఎవరో మట్టితో రాసిపోయారు: "గూట్లో పాము తిరుగుతోంది. ఇకమీద గుడ్లు తుమ్మపొదలో పెట్టండి."

చుక్కపెట్టకు గుడ్డు పెట్టే వేళయింది. గబగబా పొదవైపు కదిలింది. ముసలి ఎర్రపెట్ట అడ్డం నిలబడి, ఆ రాతను కూడబలుక్కుంటూ రెండోసారి చదివింది.

"గుడ్ల బెంగే గానీ మన ప్రాణాల ఊసే లేదేమే కోడలా? ఇది ముంగిస రాత."

"నీకు ముంగిస మీద పాత పగ అత్తా. నిజంగా పాముంటేనో?"

"పగ ఉంటే కళ్లు పోతాయా? ఉండు, అడుగుదాం." ఎర్రపెట్ట మెడ చాచి పొదకు వినబడేలా కేకేసింది. "రాసిన బాబూ, మా చుక్కపెట్టను పాము కాటేసింది."

పొదలోంచి ఆత్రంగా గొంతు వచ్చింది. "అయ్యయ్యో, గుడ్డు పెట్టాకేనా?"

చుక్కపెట్ట వెనక్కి తిరిగి గూట్లో తన గంపెక్కింది.