ఇద్దరి మధ్య రాజీ

“ఏరా, మంత్రిగారు మళ్ళీ పార్టీ మారాడటగా?”

మేడ మీద గదిలో పడక్కుర్చీలో వాలి అడిగాడు ప్రూఫు. జీవితమంతా పత్రికాఫీసులో అచ్చుతప్పులు దిద్దినందుకు స్నేహితులు పెట్టిన పేరది. దిద్దీ దిద్దీ అరిగిపోయినట్టు ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. పొద్దున్న కూతురు పేపరు చదివి వినిపిస్తుంది. సాయంత్రం స్నేహితుల కబుర్లు. అంతే అతని లోకం.

“ఆయనెక్కడ మారాడ్రా? పాత పార్టీయే ఆయనకి దణ్ణం పెట్టి పారిపోయింది,” అన్నాడు స్టేజీ.

ఆర్కెస్ట్రా కచేరీల్లో పాటకీ పాటకీ మధ్య జనాన్ని నవ్వించడం స్టేజీ వృత్తి. మంత్రిగారి గొంతుతోనే రెండు వాగ్దానాలు కూడా చేసేశాడు. ప్రూఫు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

కిటికీ పక్క కుర్చీ కిర్రుమంది. ఒక దగ్గు, దాని వెనకే బొంగురు గొంతు.

“నవ్వండి, నవ్వండి. ఓట్లేసింది మీరేగా! వీళ్ళందర్నీ వారంపాటు గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తే దారికొస్తారు.”

అది డ్రిల్లు గొంతు. బళ్ళో పిల్లలకి వ్యాయామం నేర్పిన మాస్టారు. మామూలు మాటని కూడా ఆజ్ఞలా పలికే మనిషి. ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో చేరాడు. అప్పట్నుంచీ ఆ గదిలో ఆ గొంతు అలా బొంగురుగానే వినిపిస్తోంది.

“సరేగానీ, కొత్త సినిమా ఎలా ఉందిట?” అన్నాడు ప్రూఫు.

“హీరోకి మన వయసు, హీరోయిన్‌కి మన మనవరాలి వయసు. తెర మీద వాడు గెంతుతుంటే ఇక్కడ నాకు మోకాళ్ళు పట్టేశాయి,” అన్నాడు స్టేజీ.

కూతురు టీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“మా అమ్మాయి చదివే పేపరు మీరూ వినాల్రా,” అన్నాడు ప్రూఫు. “అందులో ధరలు పెరుగుతాయి, వానలు పడతాయి. మనుషులు మాత్రం చావరు.”

“డాక్టరుగారు ఏం చెప్పారో మర్చిపోయావా నాన్నా?” అంది కూతురు.

తల్లి పోయినప్పుడు తండ్రి గుండె ఆగినంత పని చేసింది. అప్పట్నుంచీ ఆమె చెడ్డ వార్తని గుమ్మం దాటి రానివ్వడం లేదు. ప్రూఫుకి ఆ సంగతి తెలుసు. అందుకే దాని మీద రోజుకో జోకు వేస్తాడు.

టీ తాగుతూ పాత స్నేహితుల్ని తలుచుకున్నారు. లెక్కల్లో ఎప్పుడూ సున్నాలు తెచ్చుకున్నవాడు బ్యాంకు మేనేజరెలా అయ్యాడో ఎవరికీ అంతుపట్టలేదు. ఉన్నట్టుండి ప్రూఫు కప్పు కింద పెట్టాడు.

“ఒరేయ్, టీవీ చర్చల్లో అందరూ ఒకేసారి అరుస్తారు చూడండి, మీరిద్దరూ అచ్చం అలాగే ఉండేవాళ్ళు. ఇప్పుడేంటి, ఒకడు ముగించేదాకా రెండోవాడు నోరు విప్పడు? నాతో మాట్లాడతారు. మీలో మీరు మాట్లాడుకోరు. మాటల్లేవా మీకు?”

“ఇంకొంచెం టీ పొయ్యనా నాన్నా?” అంది కూతురు గబుక్కున.

“వయసొచ్చింది కదరా, మర్యాద నేర్చుకున్నాం,” అన్నాడు స్టేజీ.

“నీకు మర్యాదా? ఆసుపత్రి గొడవే కదూ?”

ఆసుపత్రి నుంచి డ్రిల్లు “ఒక్కసారి వచ్చి పోరా” అని కబురు పెట్టినప్పుడు స్టేజీ వేరే ఊళ్ళో పెళ్ళి ప్రోగ్రాములో ఉన్నాడు. అది ముగించుకుని వద్దామనుకున్నాడు. సమయానికి వెళ్ళలేకపోయాడు. ఆ తర్వాత మళ్ళీ మైకు పట్టుకోలేదు. మనిషి సగమైపోయాడని, తెచ్చిన టిఫిన్ ముట్టడం లేదని కూతురు చెబుతూనే ఉంది. ప్రూఫుకి బెంగగా ఉంది. ఈ వయసులో ఒక్క స్నేహితుణ్ణి కూడా పోగొట్టుకునే ఓపిక అతనికి లేదు.

“డ్రిల్లూ, నువ్వే చెప్పు. వీడు రాలేదని కోపమా నీకు?”

“నాన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు?” అంది కూతురు కంగారుగా.

“నువ్వుండమ్మా. ఒరేయ్ డ్రిల్లూ, వీడు తిండి మానేశాడు, పని మానేశాడు. నేను వందసార్లు చెప్పినా వీడికి ఎక్కదు. నువ్వు ఒక్క మాటంటే బతుకుతాడ్రా.”

చాలాసేపటికి కుర్చీ కిర్రుమంది. ఈసారి దగ్గు రాలేదు.

“కోపం లేదురా,” అంది బొంగురు గొంతు.

“నాతో కాదు. వాడితో చెప్పు.”

“ఒరేయ్... స్టేజీ,” ఆ గొంతు తడబడింది. “నీకోసం చూశాన్రా. గుమ్మం వైపే చూశాను. అంతేగానీ... నీ మీద నాకు కోపమేంట్రా, పిచ్చి వెధవా? నువ్వు కావాలని మానేశావని నేననుకుంటానా? వేళకి ఇంత తిను.”

ప్రూఫు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“విన్నావుట్రా స్టేజీ?”

“విన్నాను,” అన్నాడు స్టేజీ. అతను వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

“ఇక ఆ సంగతి మర్చిపో. రేపట్నుంచి ప్రోగ్రాములు ఒప్పుకో. లేకపోతే వాడు నిన్ను గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తాడు.”

ఏడుపులోనే స్టేజీకి నవ్వొచ్చింది. వెళ్ళేముందు అతను ప్రూఫు చేతుల్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు వదల్లేదు. బల్ల మీదున్న బిస్కెట్లు కూడా తిన్నాడు. తర్వాత మెట్ల మీద ఒక్క మనిషి అడుగుల చప్పుడు, కింద గేటు వేసిన చప్పుడు వినిపించాయి.

కూతురు కళ్ళు తుడుచుకుని కప్పులు తీసింది.

“మొత్తానికి ఇద్దరికీ రాజీ కుదిర్చావు కదా నాన్నా! ఇక అన్నం పెట్టనా?”

ప్రూఫు గేటు వైపే చెవి పెట్టి ఆ అడుగులు దూరమయ్యేదాకా విన్నాడు. తర్వాత కూతురి చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

“డ్రిల్లు పోయాడని నాకు తెలిసినట్టు వాడితో అనకమ్మా.”