పసుపు గీత

ఓబులేష్ చనిపోయి నెల దాటినా, బేతంచెర్లలోని ఆ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో రాత్రయితే కాలిన మాంసపు కంపు వస్తూనే ఉంది. తన కూలీ ఓబులేష్, పొలంలో పిడుగు పడి పోయాడని యజమాని ధనుంజయ వాంగ్మూలమిచ్చాడు. మిషను తీగ పట్టుకుని ఇక్కడే పోయాడని భార్య ఈరక్క కోర్టుకెక్కింది.

గాలిలో విద్యుత్తు దూకినప్పుడు ఏయే రంగుల వెలుగు పుడుతుందో కంప్యూటరులో లెక్కగట్టడం రమ్యశ్రీ పరిశోధన. కోర్టు పంపగా వచ్చిన ఆమె, మిషను నడిపించి తీగ చివర ఎగసే మెరుపును పట్టకంలోంచి చూసింది. గాలి ఇవ్వవలసిన ఊదారంగు ఉంది. దాని పక్కన, లెక్కలో లేని పసుపు గీత ఒకటి ఉంది.

"రాతిపొడిలేమ్మా," అన్నాడు ధనుంజయ, ఆ కంపులోనే వక్కాకు నములుతూ. "ఈడ అన్నంలో గూడ అదే పడుతాది."

"రాతిపొడికి ఇటుకరంగు వస్తుంది. ఈ పసుపు ఉప్పుది."

"సెమట," అంది పక్కనే నిలబడిన ఈరక్క. "తీగ కొత్తది ఏసినావు గదప్పా, గోడకు సున్నం కొట్టిచ్చినావు. మల్ల ఇది ఎవురి సెమట?"

ధనుంజయ ఆ సున్నపు గోడ మీదనే ఎర్రగా ఉమ్మి, మెయిన్ స్విచ్ దించాడు. మిషను ఆగింది. ఊదారంగు ఆరిపోయింది.

పసుపు ఆరలేదు. తీగ మీద నాలుగు వేళ్ల వెడల్పున, పిడికిలి బిగించినట్టు, సన్నగా చిటపటలాడుతూ నిలిచింది. కంపు చిక్కబడింది.

ఈరక్క ముక్కు మూసుకోలేదు.

"పిడుగంటివే. ఇంగా పట్టుకోనే ఉండాడు సూడు."