గెజెట్‌కెక్కిన గాసి

"నా పేరు నానెందుకు మార్సుకోవాల్రా?"

అల్లం తవ్వుతున్న గాసి గునపాన్ని నేలలో దిగేసి లేచి నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న కొడుకు ధర్మతేజ తల వంచుకునే జవాబిచ్చాడు.

"నా సర్టిఫికెట్లన్నిట్లోనూ తండ్రి పేరు గంగరాజు అని ఉంది నాన్నా. నీ ఆధార్లో, పట్టాలో గాసి అని ఉంది. ఇద్దరూ ఒకడేనంటే పాడేరు ఆఫీసులో నమ్మడం లేదు. నీ కాయితాల్లోనో నా కాయితాల్లోనో పేరు మార్చి, గెజెట్‌లో వేయించుకు రమ్మన్నారు. లేకపోతే చేతికొచ్చిన టీచరు ఉద్యోగం పోతాది."

"గంగరాజని ఎవుడు రాసేడు?"

"బళ్ళో వేసినప్పుడు మాస్టారు. నాకు సుక్రు, నీకు గాసి... ఇవేం పేర్లని ఇద్దరికీ ఆయనే కొత్తవి పెట్టీసేరు కదా."

"అయితే నువ్వే మార్సుకో."

"నాదయితే పదో తరగతి నుంచి బీఎడ్ దాకా అన్నిటికీ తిరగాలి. నీదయితే రెండు కాయితాలే నాన్నా."

"అది మా అయ్య పెట్టిన పేర్రా!" గాసి గొంతు పెరిగింది. "రేపు సచ్చి పైకెల్తే ఆయన గాసీ అని పిలుస్తాడు. గంగరాజు పలుకుతాడేటి?"

ధర్మతేజ సంచీ భుజాన వేసుకుని, అన్నం కూడా తినకుండా కొండ దిగి వెళ్ళిపోయాడు.

గాసి చాలాసేపు గట్టు మీద కూర్చుండిపోయాడు. అన్నం తినకుండా వెళ్ళిన కొడుకే కళ్ళ ముందు మెదులుతున్నాడు. కోపం చల్లారేకొద్దీ ఆలోచన మరోదారి పట్టింది. ఊళ్ళో తనని గాసి అని పిలవడానికి ఎవరికీ గెజెట్ అక్కర్లేదు. పక్కింటి మంగ్లు అలాగే పిలుస్తాడు. సంతలో అల్లం కొనేవాళ్ళూ అలాగే పిలుస్తారు. చచ్చాక అయ్య పిలిచినా ఆధార్ కార్డు చూపించమనడు కదా! మరి కాయితంలో ఏ పేరుంటే తనకేం?

సంతరోజున డుంబ్రిగుడ వెళ్ళి, రత్నాలు నడిపే ఆన్‌లైన్ సెంటర్లో కూర్చున్నాడు. రత్నాలు శృంగవరపుకోట నుంచి కాపురానికొచ్చిన మనిషి. కొండ మీది వాళ్ళ కాయితాలు చాలావరకు ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి.

"ఈ వయసులో పేరు మార్సుకోడమేటి గాసన్నా?" అందామె నవ్వుతూ.

"మా గుంటడి ఉద్యోగం కోసమమ్మా. ఆడికి సెప్పకు. కాయితం సేతికొచ్చేక నానే సూపిత్తాను."

రత్నాలు నవ్వు ఆపి వివరంగా చెప్పింది. నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాలి. పేపర్లో ప్రకటన వేయాలి. ప్రభుత్వానికి చలానా కట్టాలి.

"గెజెట్టంటే ఏటమ్మా?"

"ప్రభుత్వం అచ్చేసే పత్రిక. సట్టాలూ జీవోలూ అన్నీ అందులోనే వత్తాయి. అందులో పడితేనే అది నిజం."

"సంతలో ఎవుడి సేతిలోనూ సూడనేదే!"

"ఇప్పుడు కంప్యూటర్లోనే కదా. ఎవులైనా సూడొచ్చు. ఉచితమే."

"ఉచితమైతే నానెందుకు కట్టాలి?"

"సూడ్డానికి ఉచితం అన్నా. ఎక్కడానికే ధర."

గాసి జేబు తడుముకున్నాడు.

"మాస్టారు మార్సినప్పుడు ఒక్క పైసా అడగనేదమ్మా," అన్నాడు.

రత్నాలు కీబోర్డు మీదికి వంగి దరఖాస్తు నింపడం మొదలుపెట్టింది.

తర్వాతి సంతకి గాసి మేకపోతును తోలుకుపోయి అమ్మాడు. నోటరీ కోసం అరకు వెళ్ళాడు. అఫిడవిట్ కింద వేలిముద్ర వేస్తూ బొటనవేలి వంక చూసుకున్నాడు. పేరు మారుతోంది గానీ వేలు మారడం లేదు. అదొక ధైర్యం.

నడుమ ధర్మతేజ ఒకసారి ఇంటికొచ్చాడు. ఈసారి కడుపునిండా అన్నం తిన్నాడు.

"నీ పేరు మాట ఇంకెప్పుడూ ఎత్తను నాన్నా," అన్నాడు వెళ్ళేముందు.

పాపం, ఆశ వదిలేసుకున్నాడనుకున్నాడు గాసి. నోటిదాకా వచ్చిన మాటను బలవంతాన మింగేశాడు.

వానలు తగ్గుముఖం పట్టాక రత్నాలు ఫోన్ చేసింది.

"బేగి రా గాసన్నా, వచ్చీసింది!"

గాసి వెళ్ళేసరికి ప్రింటర్ నుంచి కాయితం బయటికి వస్తోంది. పైన రాష్ట్ర ప్రభుత్వం ముద్ర ఉంది. రత్నాలు వేలు పెట్టి చదివింది.

"'గాసి అను నేను ఇకమీదట గంగరాజు అను పేరుతో పిలవబడుదును.'"

"మల్లీ సదువమ్మా."

మళ్ళీ చదివింది. గాసి పెదాలు కొత్త పేరును నెమ్మదిగా కూడబలుక్కున్నాయి. కళ్ళు చెమర్చాయి గానీ ముఖం వెలుగుతోంది.

"ఇయ్యాల్టి నుంచి నాను గంగరాజునేనా?"

"రాష్ట్రమంతటికీ."

"మరి గాసి?"

"ఆ పేరు గలోడు ప్రభుత్వానికి ఇంక లేడన్నా."

"పోన్లే. మా గుంటడికి ఉద్యోగం వత్తాది. అది సాలు." గాసి కాయితం కోసం చెయ్యి చాపాడు.

రత్నాలు ఇవ్వలేదు. ఆమె చూపు ఆ ప్రకటన కిందే ఉన్న మరో ప్రకటన మీద ఆగిపోయింది. అదే ఊరు, అదే మండలం.

"ఏటమ్మా? తప్పేటైనా పడిందా?"

రత్నాలు గొంతు సవరించుకుని, ఒక్కో మాటే చదివింది.

"'గంగరాజు కుమారుడు ధర్మతేజ అను నేను ఇకమీదట గాసి కుమారుడు సుక్రు అను పేరుతో పిలవబడుదును.'"